మెనూలో మనిషి ఎక్కడ ఆగిపోతాడు?

ఫోను నంబరు మారింది. ఒక యాప్‌లో పాత నంబరు తీసేసి కొత్తది చేర్చాలి. మెనూ తెరిస్తే 'ప్రొఫైల్', 'ఖాతా', 'భద్రత', 'సెట్టింగ్స్' అని నాలుగు మాటలు వరుసగా కనిపిస్తాయి. నంబరు నా సొంత వివరమే కాబట్టి ప్రొఫైల్‌లో ఉండాలి. ఆ నంబరుతోనే లాగిన్ అవుతున్నాను కాబట్టి ఖాతాలో ఉండాలి. ఓటీపీ దానికే వస్తుంది కనుక భద్రతలో ఉన్నా ఆశ్చర్యం లేదు. ఇక మార్చవలసినవన్నీ సెట్టింగ్స్‌లోనే కదా ఉండేది! నాలుగూ సబబుగానే తోస్తున్నాయి, చిక్కంతా అక్కడే ఉంది. మెనూలో ఉన్నవి నాలుగే అంశాలు. అయినా వేలు గాలిలో ఆగిపోయింది.

మెనూ ఎలా ఉండాలన్న చర్చ ఎక్కడ జరిగినా ముందు లెక్కలు వస్తాయి. ఒక మెనూలో ఎన్ని అంశాలు ఉండాలి, ఎన్ని క్లిక్కుల్లో పని తెమలాలి, మెనూ లోపల మెనూగా ఎన్ని అంతస్తులు పెట్టాలి. లెక్కలు సులువు కాబట్టి వాటి మీద వాదించుకోవడం కూడా సులువు. నన్నడిగితే కొలవవలసినది వేరు: ఒక్కో మెట్టు దగ్గర వాడుకరికి ఎంత సందేహం కలుగుతోంది? యాభై వరుసలున్న జాబితాలోనైనా కావలసినది చూడగానే 'ఇదే' అనిపిస్తే మెనూ పని చేసినట్టే. నాలుగు వరుసల్లోనే తటపటాయిస్తే అది విఫలమైనట్టే.

ఏడు అనే మంత్రసంఖ్య

మెనూలో 7 అంశాలకు మించకూడదన్న మాట డిజైనర్ల నోట దశాబ్దాలుగా నలుగుతోంది. దీని మూలం మనస్తత్వ శాస్త్రవేత్త జార్జ్ మిల్లర్ 1956లో రాసిన ప్రసిద్ధ వ్యాసం. విన్న అంకెలనో మాటలనో వెంటనే తిరిగి అప్పజెప్పమంటే మనిషి సుమారు 7 వరకు, అంటే రెండు అటో ఇటో, చెప్పగలడన్నది అందులోని ఒక ముఖ్యాంశం. ఆ వ్యాసానికీ తెర మీది మెనూలకూ సంబంధమే లేదు. అది జ్ఞాపకం గురించి. మెనూ కళ్ల ముందే ఉంటుంది, దాన్ని ఎవరూ బట్టీ పట్టనక్కర్లేదు.

నిజానికి మెనూ పుట్టిందే జ్ఞాపకం మీద భారం తగ్గించడానికి. అంతకు ముందు కంప్యూటర్‌తో పని చేయించుకోవాలంటే ఆదేశాలను అక్షరం పొల్లుపోకుండా గుర్తుపెట్టుకుని టైపు చేయాలి. 1983లో వచ్చిన ఆపిల్ లీసా, మరుసటి ఏడాది వచ్చిన మాకింటోష్ తెర పై అంచు నుంచి కిందికి జారే మెనూలను జనానికి అలవాటు చేశాయి. ఆదేశం గుర్తు లేకపోయినా ఫరవాలేదు, చూస్తే గుర్తుపడితే చాలు. జ్ఞాపకంతో పని లేకుండా చేసిన సాధనానికే జ్ఞాపకశక్తి పరిమితిని అంటగట్టడం విడ్డూరం.

ఆ పరిమితి నిజంగా వర్తించే చోటు ఒకటుంది. కస్టమర్ కేర్‌కు ఫోను చేసినప్పుడు వినిపించే స్వర మెనూ అది. చెప్పిన మాట గాలిలో కలిసిపోతుంది, నాలుగోది వినేసరికి మొదటిది జారిపోతుంది. అక్కడ అంశాలు నాలుగైదు దాటకపోవడమే మేలు. ఇంకో సూక్ష్మం కూడా ఉంది. పని ముందు చెప్పి అంకె తర్వాత చెప్పాలి. 'బిల్లు వివరాల కోసం 2 నొక్కండి' అంటే, వినేవాడు తన పని వినగానే చెవులు రిక్కించి అంకెను పట్టుకుంటాడు. అంకె ముందు చెబితే, అది తనకు కావలసినదో కాదో తెలియకముందే దాన్ని మోయాలి. క్రియ చివర వచ్చే తెలుగు వాక్యం ఈ నియమాన్ని సహజంగానే పాటిస్తుంది. 'రెండు నొక్కండి, బిల్లు వివరాల కోసం' అని రికార్డు చేసిన గొంతు వినిపించిందంటే ఎవరో వేరే భాషలోని స్క్రిప్టును మాటకు మాట దించారని అర్థం.

లోతా, వెడల్పా?

అంశాలు ఎక్కువగా ఉన్నప్పుడు రెండు దారులు. అన్నిటినీ ఒకే చోట పరిచేయడం, లేదా గుంపులు గుంపులుగా కట్టి మెనూ లోపల మెనూ పెట్టడం. 1981లో డ్వైట్ మిల్లర్ అనే పరిశోధకుడు (పై మిల్లర్ కాదు) 64 అంశాలను నాలుగు రకాలుగా అమర్చి పరీక్షించాడు. తెరకు రెండేసి చొప్పున 6 అంతస్తులు, నాలుగేసి చొప్పున 3 అంతస్తులు, ఎనిమిదేసి చొప్పున 2 అంతస్తులు, మొత్తం 64 ఒకే తెర మీద. అన్నిటిలోకీ ఎనిమిదేసి చొప్పున 2 అంతస్తులున్న అమరిక నెగ్గింది. దాన్ని పట్టుకుని 'చూశారా, ఎనిమిదే సరైన సంఖ్య' అన్నవాళ్లూ ఉన్నారు. కానీ 1998లో పరిశోధకులు కెవిన్ లార్సన్, మేరీ జెర్విన్‌స్కీ 512 అంశాలతో ఇలాంటి ప్రయోగమే చేశారు. ఎనిమిదేసి చొప్పున 3 అంతస్తులుగా కట్టిన అమరిక అన్నిటికన్నా వెనకబడింది. మొదటి తెరలో 16, రెండో తెరలో 32 పెట్టిన అమరిక ముందు నిలిచింది. రెండు ప్రయోగాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఎనిమిదికి మహత్యం ఏమీ లేదని తెలుస్తుంది. అంతస్తులు పెరగడమే అసలు నష్టం.

ఎందుకంటే పొరపాటు చక్రవడ్డీలా పెరుగుతుంది. ఒక్కో మెట్టు దగ్గర వాడుకరి పదింట తొమ్మిది సార్లు సరైన గుంపునే ఎంచుకుంటాడనుకుందాం. రెండు అంతస్తులైతే చివరికి సరైన చోటికి చేరేది 100కు 81 మంది. మూడైతే 73కు కాస్త తక్కువ. ఆరు అంతస్తులైతే 53 మందే, అంటే దాదాపు సగం మంది ఎక్కడో ఒకచోట దారి తప్పుతారు. పైగా అన్ని మెట్లూ సమానం కావు. పై అంతస్తులోని మాటలు పెద్ద గుంపును కప్పాలి కాబట్టి ఎప్పుడూ మసకగానే ఉంటాయి. 'ముద్రణ' అన్న మాటకు అర్థం ఒక్కటే. 'ఉపకరణాలు' అన్న మాటలో ఏదైనా దూరుతుంది. అంటే మనిషికి ఎక్కువ సందేహం కలిగేది మొట్టమొదటి మెట్టు దగ్గరే, అక్కడ తప్పితే తర్వాతి మెట్లు ఎంత స్పష్టంగా ఉన్నా వృథా.

ఈ సందర్భంలో హిక్ సూత్రాన్ని కూడా తరచు ఉటంకిస్తారు. ఎంపికలు పెరిగే కొద్దీ నిర్ణయానికి పట్టే సమయం పెరుగుతుందని, అయితే అంతే నిష్పత్తిలో కాకుండా లాగరిథమ్ లెక్కన నెమ్మదిగా పెరుగుతుందని 1952లో మనస్తత్వ శాస్త్రవేత్త విలియం హిక్ చూపించాడు. ఎంపికలు ముందే బాగా తెలిసినవాడి విషయంలో, అమరికకు ఒక క్రమం ఉన్నప్పుడు ఇది సరిపోతుంది. కొత్త సైటులోకి అడుగుపెట్టినవాడు మాత్రం వరుసలన్నీ ఒక్కొక్కటిగా చదవవలసిందే. వాడి సమయం వరుసల సంఖ్యతో పాటే సాగుతుంది. కాబట్టి పొడవైన జాబితాకు శీర్షికలు పెట్టి, మధ్యలో గీతలు గీసి, కొంత భాగాన్ని కళ్లు దాటేసే వీలు కల్పించాలి. అంశాలను తగ్గించకుండానే చదవవలసినది తగ్గుతుంది.

ఏ సమాచారమైనా మూడు క్లిక్కుల్లో దొరకాలన్న నియమం సంగతి ఒక్క మాటలో తేల్చేయవచ్చు. జాషువా పోర్టర్ అనే డిజైనర్ 2003లో దీన్ని పరీక్షకు పెట్టినప్పుడు, క్లిక్కుల సంఖ్యకూ వాడుకరి విజయానికీ తృప్తికీ చెప్పుకోదగ్గ సంబంధం కనిపించలేదు. ప్రతి క్లిక్కుతోనూ గమ్యం దగ్గరవుతోందన్న నమ్మకం ఉంటే మనిషి అయిదుసార్లయినా నొక్కుతాడు.

పేరులోనే పరిమళం

ఆ నమ్మకం ఎక్కడి నుంచి వస్తుంది? పీటర్ పిరోలి, స్టువర్ట్ కార్డ్ అనే ఇద్దరు పరిశోధకులు 1990లలో జిరాక్స్ కంపెనీ పాలో ఆల్టో కేంద్రంలో పని చేస్తూ ఒక చక్కటి పోలిక తెచ్చారు. జంతువు వాసన పట్టి ఆహారం వైపు నడిచినట్టే మనిషి సమాచారం వాసన పట్టి లింకుల వెంట నడుస్తాడని. వాసన పెరుగుతున్నంత సేపు ముందుకు వెళతాడు, తగ్గితే వెనక్కి తిరుగుతాడు, ఇంకా తగ్గితే సైటే వదిలేస్తాడు. మెనూలో వాసన మోసేది పేరు ఒక్కటే. రంగులు, ఐకాన్లు, కదలికలు దానికి తోడు మాత్రమే.

వాసన లేని పేర్లను గుర్తుపట్టడం కష్టం కాదు. 'సేవలు', 'వనరులు', 'పరిష్కారాలు', 'మరిన్ని', 'ఇతరములు'. ఈ మాటల వెనక ఏముందో రాసినవాడికి తెలుసు, చదివినవాడికి తెలియదు. చాలా సంస్థల మెనూలు ఆ సంస్థలోని విభాగాల పటాన్ని యథాతథంగా దించినట్టుంటాయి. ఎన్ని విభాగాలుంటే అన్ని అంశాలు. ఫలానా పని ఏ విభాగం చూస్తుందో బయటివాడికి ఎలా తెలుస్తుంది? తెలిస్తే ఆ సంస్థలో ఉద్యోగమే చేస్తుండేవాడు. సమావేశంలో ఏ విభాగాధిపతీ నొచ్చుకోకుండా అందరికీ తలా ఒక చోటు ఇచ్చిన మెనూలు ఇలాగే తయారవుతాయి. వాటిని డిజైన్ అనడం కన్నా రాజీ అనడం న్యాయం.

ఒక్కో పేరు విడిగా బాగుంటే చాలదు. పక్కనున్న పేర్లతో పోలిస్తే దాని సరిహద్దు తెలియాలి. మొదట చెప్పిన 'ప్రొఫైల్', 'ఖాతా', 'భద్రత' విడివిడిగా మంచి మాటలే. పక్కపక్కన పెడితే ఒకదాని పొలంలోకి ఇంకొకటి చొరబడుతుంది. 'సెట్టింగ్స్' అయితే అన్ని పొలాలూ తనవే అంటుంది.

తెలుగులో మెనూ రాసేవాళ్లకు మరో చిక్కు ఉంది, దీని గురించి పెద్దగా ఎవరూ మాట్లాడరు. 'తెరువు', 'తెరవండి', 'తెరవడం' మూడూ ఒకే యాప్‌లో కనిపిస్తుంటాయి. మర్యాద కోసం అన్నీ 'అండి' చేసేస్తే సరిపోతుందనుకుంటారు. కానీ మెనూలో ఆదేశం ఎవరు ఎవరికి ఇస్తున్నారు? 'భద్రపరచు' అన్నది వాడుకరి యంత్రానికి చెప్పే మాట. యంత్రానికి మన్నన అక్కర్లేదు. 'మీ పేరు రాయండి' అన్నది యంత్రం వాడుకరిని అడిగే మాట. అక్కడ మన్నన తప్పనిసరి. ఈ తేడా పాటిస్తే చదివేవాడికి తెలియకుండానే ఒక స్పష్టత వస్తుంది: ఇది నేను చేయించే పని, అది నేను చేయవలసిన పని. అన్నిటికీ 'అండి' తగిలిస్తే, ఫైలును భద్రపరచవలసిన బాధ్యత కూడా మనమీదే పెట్టినట్టు వినిపిస్తుంది.

అనువాదంలో పాడయ్యేవి ఇంకా ఉన్నాయి. ఇంగ్లిషు అక్షరక్రమంలో పేర్చిన దేశాల జాబితాను తెలుగులోకి మార్చి, వరుసను మాత్రం అలాగే వదిలేస్తే అది ఏ క్రమంలోనూ లేని గందరగోళం అవుతుంది. అకారాది క్రమంలో మళ్లీ పేర్చాలి. అదైనా దేశాలు, భాషలు, ఊళ్లలాగా వెతికేవాడికి కచ్చితమైన పేరు ముందే తెలిసిన జాబితాలకే పనికొస్తుంది. 'తొలగించు' అని వెతకాలో 'తీసివేయి' అని వెతకాలో తెలియనివాడికి అకారాది క్రమం ఎందుకు? ఇక ఇంగ్లిషు అక్షరాల ఎత్తుకు సరిపోయేలా కత్తిరించిన వరుసల్లో మన వత్తులు కింద తెగిపోవడం అందరూ చూసిందే.

చోటు మార్చకూడదు

మెనూ పదోసారి తెరిచేటప్పటికి మనిషి చదవడం మానేస్తాడు. కావలసినది పై నుంచి మూడోదని చేతికే తెలుస్తుంది. ఈ అలవాటును మన్నించని తెలివితేటలు ఎంత ఖరీదైనవో మైక్రోసాఫ్ట్ ఆఫీస్ 2000 చూపించింది. అరుదుగా వాడే అంశాలను దాచేసి, వాడినవాటిని మాత్రమే ముందు చూపే మెనూలను అందులో ప్రవేశపెట్టారు. ఆలోచన వినడానికి బాగుంది. ఆచరణలో నిన్న ఉన్న చోట ఇవాళ ఇంకేదో ఉంటుంది, కనిపించనిది లేదో దాగిందో తెలియదు. 2007 నాటికి ఆఫీసు ముఖ్య ప్రోగ్రాముల్లో ఆ మెనూల స్థానంలో రిబ్బన్, అంటే ఆదేశాలను ట్యాబులుగా పరిచిన పైపట్టీ, వచ్చింది. దాని మీద వేరే ఫిర్యాదులు వచ్చాయి గానీ, అది కనీసం ఒక చోట నిలబడింది. హెచ్చరిక లేదని కూడా అనలేం. వాడకాన్ని బట్టి వరుస మారే మెనూలనూ నిలకడగా ఉండే మెనూలనూ పోల్చి, పరిశోధకులు జెఫ్రీ మిచెల్, బెన్ ష్నైడర్‌మన్ 1989లోనే ఒక అధ్యయనం చేశారు. పాల్గొన్నవారిలో ఎక్కువమంది నిలకడ వైపే మొగ్గారు.

తరచు వాడేవాటిని దగ్గరకు తేవడం తప్పేమీ కాదు. ఫాంట్ల జాబితాలో చేసినట్టు చేస్తే సరి. ఇటీవల వాడినవి పైన నాలుగు చూపి, ఒక గీత గీసి, కింద పూర్తి జాబితాను ఎప్పటి వరుసలోనే ఉంచాలి. పాత చోటు చెదరలేదు, కొత్త దారి చేరింది.

ప్రస్తుతానికి పనికిరాని అంశాన్ని దాచాలా, మసకగా చూపాలా అన్నది ఇందులోంచే వచ్చే ప్రశ్న. దాస్తే వరుసలు కదులుతాయి, పైగా ఆ సౌకర్యం ఉందన్న సంగతే తెలియదు. అందుకే మసకగా చూపడం మాకింటోష్ కాలం నుంచీ ఆనవాయితీ. సాఫ్ట్‌వేర్ గురించి రాసే జోయెల్ స్పోల్‌స్కీ 2008లో దీన్ని కూడా కాదన్నాడు. మసకబారిన వరుస ఎందుకు మసకబారిందో వాడుకరికి ఎవరు చెబుతారు? అన్నిటినీ నొక్కనిచ్చి, కుదరనప్పుడు కారణం చెప్పమన్నాడు. నాకు ఇందులో సగమే సమ్మతం. 'అతికించు' మసకగా ఉంటే కారణం ఊహించవచ్చు. 'ఖాతా మూసివేయి' మసకగా ఉంటే, బాకీ ఉందనో అనుమతి లేదనో ఒక చిన్న వాక్యం అక్కడే రాయాలి. లేకపోతే వాడుకరి ఆ వరుసనే పదేపదే నొక్కుతూ ఉంటాడు.

చేతికి అందేలా

మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ ఫిట్స్ 1954లో చూపిన సూత్రం ఇంగితజ్ఞానంలాగే ఉంటుంది. లక్ష్యం ఎంత దూరమైతే, ఎంత చిన్నదైతే, అంత సమయం పడుతుంది. ఫలితాలు మాత్రం ఇంగితానికి అందవు. మాకింటోష్‌లో మెనూ వరుస తెర పై అంచుకు అతుక్కుని ఉంటుంది. కర్సర్ అంచు దాటి పోలేదు కనుక మౌస్‌ను ఎంత దురుసుగా పైకి తోసినా అది మెనూ మీదే ఆగుతుంది. కొలతలో సన్నటి పట్టీయే అయినా చేతి దృష్టిలో దాని ఎత్తుకు హద్దు లేదు.

ఉపమెనూల దగ్గర చెయ్యి వేరే రకంగా ఓడిపోతుంది. ఒక వరుస మీద కర్సర్ పెడితే పక్కన ఇంకో మెనూ తెరుచుకుంటుంది. దాని అడుగున ఉన్న అంశం కోసం చెయ్యి సహజంగా ఏటవాలుగా కదులుతుంది. దారిలో కింది వరుసను తాకగానే తెరుచుకున్న మెనూ మాయమై మరొకటి వస్తుంది. అమెజాన్ సైటు దీనికి కనిపెట్టిన ఉపాయాన్ని 2013లో ప్రోగ్రామర్ బెన్ కామెన్స్ విడమరిచి రాశాడు. కర్సర్ ఉన్న బిందువు నుంచి ఉపమెనూ రెండు మూలలకు గీతలు గీస్తే ఒక త్రిభుజం ఏర్పడుతుంది. కర్సర్ కదలిక ఆ త్రిభుజం లోపల ఉన్నంత సేపు మెనూను మార్చకుండా ఆపాలి. ఇలాంటి ఏర్పాటు పాత మాకింటోష్ మెనూల్లోనూ ఉండేది. మధ్యలో వచ్చినవాళ్లు మరిచిపోయారు.

ఫోనులో కర్సర్ ఉండదు, కనుక కర్సర్ పెడితే తెరుచుకునే మెనూ అక్కడ పని చేయదు. వేలి కొన మౌస్ మొన కన్నా లావు. తాకవలసిన చోటు కనీసం 44 పాయింట్లు ఉండాలని ఆపిల్, 48 డీపీ ఉండాలని ఆండ్రాయిడ్ సూచిస్తాయి (పాయింటు, డీపీ తెర మీది కొలతల ప్రమాణాలు). వెబ్‌కు వర్తించే, వైకల్యం ఉన్నవాళ్లూ సైట్లను వాడగలిగేలా చూసే డబ్ల్యూసీఏజీ 2.2 ప్రమాణాలు 2023లో వచ్చాయి. కొన్ని మినహాయింపులతో 24 సీఎస్ఎస్ పిక్సెళ్ల (వెబ్ పేజీల కొలత ప్రమాణం) కన్నా తగ్గవద్దంటాయి అవి. కొలత ఒక్కటే చూసుకుని 'పేరు మార్చు' పక్కనే 'తొలగించు' పెడితే మాత్రం ఏ ప్రమాణమూ కాపాడదు.

ఫోను తెర ఇరుకు కాబట్టి మూడు అడ్డగీతల ఐకాన్ వెనక మొత్తం మెనూను దాచే పద్ధతి వచ్చింది. ఆ గుర్తును 1981 నాటి జిరాక్స్ స్టార్ కంప్యూటర్ కోసం నార్మ్ కాక్స్ గీశాడు. గుర్తులో దోషం లేదు, దాచడంలోనే ఉంది. వాడుక సౌలభ్యాన్ని పరిశోధించే నీల్సన్ నార్మన్ గ్రూప్ 2016లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం మెనూను దాచినప్పుడు సైటులోని విషయాలు వాడుకరుల కంటపడే అవకాశం దాదాపు సగానికి పడిపోతుంది. ఫోనులో ఇరుకును సాకుగా చెప్పుకోవచ్చు. చోటు పుష్కలంగా ఉన్న పెద్ద తెర మీద కూడా అవే మూడు గీతలు పెట్టి, మిగతా భాగమంతా నవ్వుతున్న మనుషుల ఫొటోతో నింపేవాళ్లకు ఏ సాకూ లేదు. ముఖ్యమైన మూడు నాలుగు అంశాలను కింది అంచున పేర్లతో సహా చూపి, మిగిలినవాటిని దాచడం ఫోనులో నాకు నచ్చిన పద్ధతి.

'మెనూ ఎలా ఉంటే ఏం, వెతుకుడు పెట్టె ఉంది కదా' అనేవాళ్లుంటారు. పెట్టెలో ఏ మాట రాయాలో గుర్తుకు రావాలి, అంటే లీసాకు ముందటి రోజులకే తిరిగి వెళ్లినట్టు. పేరు తెలిసినవాడికి అది దగ్గరి దారి. తెలియనివాడికి మెనూయే దిక్కు.

గీయకముందే పరీక్ష

ఇవన్నీ తెలిసినా మన మాటలు వాడుకరి మాటలేనా అన్నది గదిలో కూర్చుని తేల్చలేం. దీనికి రెండు చవకైన పద్ధతులున్నాయి. ఒకటి, అంశాల పేర్లను చీటీల మీద రాసి, వాడుకరుల చేతికిచ్చి గుంపులు కట్టమనడం, ఒక్కో గుంపుకు వాళ్లనే పేరు పెట్టమనడం. వాళ్లు పెట్టే పేర్లే చాలా సార్లు మనం పెట్టుకున్నవాటి కన్నా బాగుంటాయి. రెండోది దానికి తిరగేసిన పరీక్ష. తయారైన మెనూ అంతస్తులను రంగూ రూపూ లేకుండా వట్టి మాటలతో చూపి, 'కొత్త ఫోను నంబరు ఎక్కడ చేరుస్తారు?' అని అడిగి, మొదటి అడుగు ఎటు వేశారో రాసుకోవడం. పని ఇచ్చేటప్పుడు మెనూలోని మాటే ప్రశ్నలో వాడితే పరీక్ష చెడిపోతుంది. 'భద్రతా సెట్టింగ్స్ ఎక్కడున్నాయి?' అని అడిగితే ఎవడైనా చూపిస్తాడు.

ఫోను నంబరు ప్రశ్నకు సగం మంది ప్రొఫైల్ వైపు, సగం మంది భద్రత వైపు వెళ్లారనుకుందాం. ఎవరు సరైనవారని వాదించుకునే బృందాలను చూశాను. ఇద్దరూ సరైనవారే. నంబరు మార్చే పేజీ భద్రతలోనే ఉండనిచ్చి, ప్రొఫైల్‌లో పేరు కింద ఆ నంబరును కూడా చూపి, పక్కన 'మార్చు' అని రాసి, నొక్కితే అదే పేజీకి తీసుకెళితే సరి. ఒక వస్తువుకు ఒకే అర ఉండాలన్న పట్టుదల బీరువాకు చెల్లుతుంది. మెనూలో ఒకే పేజీకి రెండు తలుపులు పెట్టడానికి అదనంగా పట్టేది ఒక్క వరుస.